రేకు మందం

…అదీ కాక రేకులో తప్పేమీ లేదు, కిరసనాయిలు డబ్బా రేకు ఎక్కడైనా ఒకే మందం ఉంటుంది, దాన్ని గుండ్రంగా కత్తిరించి అంచులు ఆకురాయితో నున్నగా రుద్దింది తనే, అయస్కాంతానికీ దానికీ మధ్య ఎడం సరిచూసుకున్నదీ తనే, కాబట్టి తప్పు తీగలో ఉండాలి, తీగలో లేకపోతే రాగి చుట్టలో ఉండాలి, అక్కడా లేకపోతే ఇక గొంతులోనే ఉండాలి, అనుకుంటున్నాడు జీవరత్నం, మంచం మీద వెల్లకిలా పడుకొని, వరండా కప్పు పెంకులు వరస తప్పకుండా లెక్కపెడుతూ.

రెండింటి నుంచి నాలుగింటి దాకా అక్కడ ఎవరూ మాట్లాడకూడదు. మదనపల్లె ఊరి బయట కొండ వాలులో కట్టిన క్షయ ఆసుపత్రి అది. మగవాళ్ల వరండాలో పద్దెనిమిది మంచాలు. ఆ రెండు గంటలూ చదవకూడదు, రాయకూడదు, పక్క మంచం మీదివాడికి సైగ కూడా చేయకూడదు. దగ్గు వస్తే గుడ్డ అడ్డం పెట్టుకొని వీలైనంత అణుచుకోవాలి. ఈ జబ్బుకి విశ్రాంతే అసలు మందు అని పెద్ద డాక్టరుగారు మొదటి రోజే చెప్పారు. పదకొండు నెలలుగా జీవరత్నం ఆ మందు పుచ్చుకుంటున్నాడు. మొదట్లో ఆ మౌనం శిక్షలా ఉండేది. తరవాత అలవాటైంది. ఈమధ్య ఆ రెండు గంటలు ఎప్పుడొస్తాయా అని ఎదురుచూస్తున్నాడు. మాట్లాడకుండా ఉండడానికి అందరూ ఒప్పుకునే కారణం రోజు మొత్తం మీద అప్పుడే కదా దొరికేది.

ఇవాళ మాత్రం నాలుగు కొడుతుందంటే అతనికి బెంగగా ఉంది. నాలుగు కొట్టగానే పెద్ద డాక్టరుగారు ఆఫీసు గదిలో టెలిఫోను ముందు కూర్చుంటారు. ఇంచుమించు అదే సమయానికి పుంగనూరు నుంచి పెట్రోలుకి బదులు బొగ్గుతో నడిచే బస్సులో నాయన వచ్చి దిగుతాడు. ఈ రెండూ వేరు వేరు రోజుల్లో జరిగి ఉంటే ఒకదాన్ని చూపి ఇంకొకదాన్ని తప్పించుకునేవాడు. అలా తప్పించుకోవడంలో అతనికి మంచి నేర్పు ఉంది.

టెలిఫోను అంటే తపాలా ఆఫీసులో గోడకు తగిలించిన పెట్టె కాదు. జీవరత్నం తన చేత్తో చేసింది. మద్రాసులో ఇంజనీరింగు చదువు ఆఖరి సంవత్సరంలో ఉండగా హాస్టల్లో ఒక ఉదయం పళ్లు తోముకుంటూ ఉమ్మితే ఎర్రగా పడింది. చదువు అక్కడ ఆగింది. పరీక్షలు జూన్‌లో రాసుకోవచ్చు గానీ దానికి ముందు ప్రాజెక్టు ఒకటి పూర్తి చేసి ఉండాలి. ప్రొఫెసరు జాలి గల మనిషి. యుద్ధం మూలాన బ్యాటరీలన్నీ సైన్యానికే పోతున్నాయి, బ్యాటరీ అక్కర్లేని టెలిఫోను చేసి చూపించు, నువ్వున్న చోటే చెయ్యి, అని ఉత్తరం రాశాడు. ఒక చివర నువ్వు చదివింది రెండో చివర మీ డాక్టరుగారు విని, విన్నది విన్నట్టు కాగితం మీద రాసి సంతకం పెడితే, ఆ రెండు కాగితాలూ పోల్చి చూసుకుంటాను, నీ సీటు అప్పటిదాకా ఉంచుతాను అన్నాడు. చదవవలసింది నువ్వే, అని చివర్లో రాసి దాని కింద రెండు గీతలు గీశాడు.

పని సులువుగానే సాగింది. పల్చటి ఇనప రేకు ముందు మాట్లాడితే రేకు వణుకుతుంది. రేకు వెనక అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి తీగ. వణుకుకి ఆ తీగలో పిసరంత కరెంటు పుడుతుంది, అది తీగ వెంట పోయి అవతలి రేకును అలాగే వణికిస్తుంది. రెండు చివర్లా ఒకే రకం డబ్బీ. నోటికి పెట్టుకుంటే నోరు, చెవికి పెట్టుకుంటే చెవి. మీట లేదు, గంట లేదు. ఆ తీగలో నడిచే బలమంతా మాట్లాడేవాడి ఊపిరిదే. పాడైన మోటారు బస్సు మాగ్నెటోలోంచి అయస్కాంతాలు ఊడదీసి ఇచ్చారు. రాగి తీగ డాక్టరుగారి పాత రేడియోలోంచి వచ్చింది. వరండా నుంచి ఆఫీసు దాకా రెండు వందల గజాలు కంచె తీగ జంటగా లాగి, విరిగిన మందు సీసాల మెడలు నీలగిరి చెట్లకు కట్టి వాటి మీదుగా నడిపించారు. ఆసుపత్రిలో నడవగలిగిన రోగులందరూ తలా ఒక చెయ్యి వేశారు.

అప్పుడు గొంతు అరువిచ్చినవాడు కృష్ణప్ప. పక్క మంచం. నిమ్మనపల్లె వాడు, వీధి నాటకాల్లో రాజు వేషం కట్టేవాడు. జబ్బు పడ్డ ఊపిరితిత్తి కదలకుండా ఉండాలని సూదితో గాలి పెట్టి దాన్ని ఒక పక్కకు అణిచిపెట్టారు. అయినా మిగిలిన ఒక్కదానితోనే నాలుగు వీధులకు వినపడేటట్టు పలకగలడు.

"ఊపిరి లేనోళ్ల ఆసుపత్రిలో కూసోని ఊపిరితో నడిసే మిసను సేస్తాండావే, నీ తలకాయి సల్లగుండ," అని అతను మొదటి రోజే నవ్వాడు.

మొదట సిగరెట్టు డబ్బా మూత కింద ఉండే పల్చటి రేకు పెట్టి చూశారు. కృష్ణప్ప నోరు తెరవగానే ఆ రేకు పోయి అయస్కాంతానికి టపటపా కొట్టుకుంది. అవతల గరగర తప్ప మాట లేదు. జీవరత్నం మందం పెంచాడు. ఇంకా పెంచాడు. కిరసనాయిలు డబ్బా రేకు దగ్గర అది కుదిరింది. ఆఫీసులో డబ్బీ చెవి దగ్గర పెట్టుకున్న నర్సు వరమ్మ ఉలిక్కిపడి దాన్ని బల్ల మీద పడేసింది. బల్ల మీద పడ్డ డబ్బీలోంచి రాజు సభ తీర్చి మంత్రిని పిలుస్తూనే ఉన్నాడు. డాక్టరుగారు చప్పట్లు కొట్టారు. వంటవాళ్లు, తోటవాళ్లు వరసగా వచ్చి విని పోయారు. మూడు నెలలు అదే సంబరం.

ఈ మూడు నెలల్లో జీవరత్నం ఆ డబ్బీని తన నోటి దగ్గర ఒక్కసారి కూడా పెట్టుకోలేదు.

ఇవాళ పొద్దున పెట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు, అని ఇరవై దాకా చెప్పాడు. వరమ్మ ఆఫీసు నుంచి నడిచి వచ్చి, "మాట్లాడేసినావా తమ్ముడూ? నువ్వు ఎప్పుడు మొదులుపెడతావా అని నేను సెవి వాచిపోయేటట్టు పెట్టుకోనుండానే," అంది.

అప్పటినుంచీ అతని ఆలోచన ఈ రేకు చుట్టూ తిరుగుతోంది. తన గొంతు చిన్నదని అతనికి తెలియదా? తెలుసు. రక్తం పడ్డాక గట్టిగా అరవొద్దని డాక్టరుగారు చెప్పిన మాట తెలియదా? తెలుసు. పెద్ద గొంతుకు తగ్గట్టు రేకు మందం పెంచితే చిన్న గొంతు దాన్ని కదిలించలేదన్నది మొదటి సంవత్సరం పిల్లలకు చెప్పే సంగతి. మరి మరిచిపోయాడా? మరుపు ఇంత ఓపికగా పని చెయ్యదు. మరుపు ఆకురాయి పట్టుకొని అంచులు రుద్దదు. తన మాట అవతలికి చేరకుండా ఉండే యంత్రాన్ని ఎవరో లోపల కూర్చొని శ్రద్ధగా తయారు చేయించుకున్నారు. ఆ ఎవరో ఎవరన్నది అతను ఆలోచించదలచుకోలేదు. పెంకులు మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

నలభై ఒకటి దగ్గర కుప్పం గుర్తొచ్చింది.

కుప్పం సంగతి పోయిన ఏడాది మే నెలలో మొదలైంది. మద్రాసు నుంచి అతన్ని తెచ్చి ఈ మంచం మీద పడుకోబెట్టిన వారానికే, ఆదివారం ఆరాధనలో, సాక్ష్యాలు చెప్పే వేళ, నాయన లేచి నిలబడ్డాడట. నాయన పేరు థామస్. పుంగనూరులో మిషను బడి హెడ్మాస్టరు, సంఘంలో పెద్ద. "దేవుడు నా బిడ్డను బతికిస్తే వాణ్ణి దేవుడికే ఇచ్చేస్తాను, కుప్పం పల్లెల్లో సువార్తికుడిగా పంపిస్తాను, దీనికి మీరంతా సాక్షులు," అని మొక్కుకున్నాడట. గుడి గుడంతా ఆమెన్ అందట. అమ్మ కృపమ్మ ఈ మంచం పక్కన కూర్చొని కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. అప్పుడు అతనికి నూట రెండు జ్వరం. సరే అన్నాడో, మూలిగాడో, అతనికే గుర్తు లేదు. సరే అన్నాడనే అందరికీ తెలుసు.

అప్పటినుంచీ పుంగనూరు సంఘం వాళ్లు ఎవరు చూడవచ్చినా అతన్ని తమ సొమ్ములా చూసేవారు. మునిరత్నమ్మ అనే ముసలామె అతని పాదాలు పట్టుకొని, కుప్పం దోవల్లో నడిచే పాదాలివి, అని కళ్లకద్దుకుంది. ఆమెది నిజమైన ప్రేమ. అదే అతనికి ఊపిరాడకుండా చేసింది. ప్రతి నెలా తూకం రోజున ఒక పౌను పెరిగితే అందరూ నవ్వేవారు, అతను మాత్రం కుప్పానికి ఒక మైలు దగ్గరైనట్టు లెక్క వేసుకునేవాడు. చావకూడదని ఉంది. బాగుపడితే చదువు పోతుంది. బాగుపడకపోతే అంతా పోతుంది. మార్చి నెలలో కళ్లె పరీక్ష బాగా వచ్చిందని వరమ్మ పరుగెత్తుకొచ్చి చెప్పిన సాయంత్రం, అతను థర్మామీటరు వేడి టీ గ్లాసుకి ఆనించి పట్టుకున్నాడు. నూటొకటి చూపించింది. చార్టు మీద ఆ చుక్క ఇప్పటికీ ఉంది, చుట్టూ ఉన్న చుక్కలన్నిటికంటే ఎత్తులో, ఒంటరిగా. ఎందుకలా చేశావని ఎవరూ అడగలేదు. తనను తాను ప్రశ్నించుకోవడానికి అతనికి రెండు వారాలు పట్టింది. జవాబు దొరికాక ఆ ప్రశ్నే వేసుకోకుండా ఉండాల్సింది అనుకున్నాడు.

ఒక్క మాట చెబితే పోయేది. నాయనా, నేను రాను. రెండు ముక్కలు. తెలుగులో దీనికంటే చిన్న మాటలు ఎన్నో లేవు. కానీ నాయన ఎదుట నిలబడ్డప్పుడల్లా ఆ మాట గొంతు దాకా వచ్చి, అక్కడ పెద్దమనిషిని చూసి లేచి నిలబడ్డ పిల్లవాడిలా చేతులు కట్టుకొని నిలబడిపోతుంది.

నాలుగు కొట్టారు.

వరండా అంతా ఒక్కసారి దగ్గింది. రెండు గంటలు అణుచుకున్న దగ్గులన్నీ బయటికి వచ్చాయి. ఆ దగ్గుల మధ్యలోంచే గొడుగు చంకలో పెట్టుకొని నాయన నడిచి వచ్చాడు. తెల్ల కోటు మీద బొగ్గు నుసి.

"ఏమప్పా రత్నం, మొగంలో రగతం తిరిగిండాదే! మీయమ్మ సూస్తే సంతోసపడతాది. ఇదో, రాగిపిండి అంపించినాది. బస్సు దోవలో రెండు తూర్లు నిలిసిపాయె. దిగి తోసినాం. బొగ్గు మేస్తాది గానీ నడవను అంటాది."

"మీరు తోసేది యాల అయ్యోరూ," అన్నాడు కృష్ణప్ప పక్క మంచం నుంచి. "ఒక్క కేక ఏసింటే అదే పరిగెత్తుతాండె."

నాయన నవ్వాడు. "రాజువి నువ్వేనా? రత్నం జాబులో రాసినాడు."

"నేనే అయ్యోరూ. ఊపిరి ఒక పక్కే ఉండాది. రాజ్జెం గూడా ఒక పక్కే."

నాయన స్టూలు లాక్కొని కూర్చున్నాడు. సంచిలోంచి ఒక జత చెప్పులు తీశాడు. కొత్త తోలు వాసన. "నీ పాత సెప్పులు కొలతకిచ్చి కుట్టించినా. అడుగున రెండు పొరలు ఏయించినా. కుప్పం పక్క పల్లెలన్నీ రాళ్లదోవలు. ఇల్లు గూడా సూసొచ్చినా రత్నం. స్టేషను ఎనకాల. మద్రాసు రైలు పోతాంటే కిటికీలు అదుర్తాయి, అంతే, ఇంకేం ఇబ్బంది లేదు. ఈ సోమవారం పెద్ద డాక్టరుగారితో పేరు కొట్టించుకోని పోదాం. సంఘమంతా కాసుకోనుండాది. సరేనా?"

జీవరత్నం చెప్పుల వైపు చూశాడు. కుట్లు దగ్గర దగ్గరగా, చక్కగా వేశారు. మడమ దగ్గర మెత్తటి తోలు మడత కూడా పెట్టించాడు నాయన. నాయన ఏ రోజూ తన కాళ్లకు అంత మంచివి వేసుకొని ఉండడు. ఇక జీవరత్నం రోజూ ఆ స్టేషను వెనక ఇంట్లో పడుకొని, మద్రాసు పోయే రైలుకి అదిరే కిటికీల చప్పుడు వింటూ, ఈ మెత్తటి తోలులో కాళ్లు పెట్టుకొని లేస్తాడు. నోరు తెరిచాడు.

"వద్దులే, వద్దులే," అన్నాడు నాయన, చెయ్యి అతని భుజం మీద వేసి. "మాట్లాడొద్దు. అలిసిపోతావు. నీ టెలిఫోను సూద్దామని డాక్టరుగారు నన్ను గూడా పిలిసినారు. ఆడ కూసోని నీ మాట వింటా."

గొడుగు మంచానికి ఆనించి నీలగిరి చెట్ల కింద నడిచి ఆఫీసు వైపు వెళ్లిపోయాడు. వెనకనుంచి చూస్తే అతని భుజం ఒకటి కిందికి వాలి ఉంది.

వరమ్మ మడిచిన కాగితం తెచ్చి ఇచ్చింది. వేరుశనగ విత్తనం ఎప్పుడు వెయ్యాలి, సాళ్ల మధ్య ఎంత ఎడం ఉండాలి అని వ్యవసాయ శాఖ వాళ్లు అచ్చు వేసిన కరపత్రంలోంచి, డాక్టరుగారికి చూపించకుండా, ఆమే ఒక పేరా ఎత్తి రాసింది. ఆమె ఆఫీసుకి చేరేదాకా ఆగి, జీవరత్నం డబ్బీ నోటికి పెట్టుకొని చదివాడు. చివరి వాక్యం దాకా ఒక్క తడబాటు లేకుండా చదివాడు. చదువుతున్నంతసేపూ అది పోవడం లేదని అతనికి తెలుసు. బావిలోకి దించిన చేద నీళ్లు తగలకుండానే తిరిగి వస్తున్నప్పుడు తాడు చెప్పినట్టు, రేకు అతని పెదవులకి చెప్పింది.

వరమ్మ ఈసారి మెల్లగా నడిచి వచ్చింది. ఆమె నడక చూసే కృష్ణప్ప, "పాయె," అన్నాడు.

"పెద్దయ్యగారి కాగితం తెల్లగా అట్లే ఉండాది తమ్ముడూ. ఏదో గాలి కొట్టినట్టు సద్దొచ్చె. అంతే. ఇంకొక్క తూరి సూస్తానన్నాడు. ఐదింటికి ఆడోళ్ల వార్డుకి పోవాలంట."

"మా నాయన ఏమన్నాడక్కా?"

"ఏమంటాడు? దేవుని సిత్తం అన్నాడు."

జీవరత్నానికి ఒళ్లంతా తేలికైంది. ఆ తేలికను అతను గుర్తుపట్టాడు, టీ గ్లాసు దగ్గర ఉన్నదీ ఇదే. ప్రాజెక్టు పోతుంది, సీటు పోతుంది, ఇక ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేదు. దేవుడూ రేకూ కలిసి తీర్పు చెప్పేశారు. సోమవారం కొత్త చెప్పులు వేసుకొని బస్సు ఎక్కడమే.

"ఇట్లియ్యి ఇంజనీరప్పా," అన్నాడు కృష్ణప్ప, తన మంచం మీద నుంచి ఇటు జరిగి. "నేను సెప్తా. నాకు సదువు రాదనుకో. నువ్వు ఎనక నిలబడి మెల్లంగా అందియ్యి. మా నాటకంలో అంతే గదా, తెర ఎనక ఉండేవోడు అందిస్తాడు, నేను ఇయ్యాల దాకా ఒక్క ముక్క సొంతంగా సెప్పిందే లేదు. నీ గొంతు ఎట్లుంటాదో పెద్దయ్యకేం తెలుసు? ఈ పదకొండు నెలల్లో ఆయనతో నువ్వు మాట్లాడింది నాలుగు మాటలు."

"మా నాయనకి తెలుసు కదా."

కృష్ణప్ప తల గోక్కున్నాడు. "తెలుసంటావా?" అన్నాడు.

అతను ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగాడు. అడిగి డబ్బీ కోసం చెయ్యి చాచి అలాగే ఉన్నాడు. జీవరత్నం ఆ చేతిని చూశాడు. ఇచ్చేస్తే పని జరిగిపోతుంది. వేరుశనగ పేరా రాజు గొంతులో ఆఫీసుకి చేరుతుంది, డాక్టరుగారు సంతకం పెడతారు, సీటు ఉంటుంది. ఆ సీటు అక్కడ మద్రాసులో ఖాళీగా, అతని పేరు మీద, అతను కుప్పంలో పల్లెలు తిరుగుతున్నంత కాలం ఉంటుంది. అందించేవాడు తెర వెనకే ఉంటాడు.

"అక్కా," అన్నాడు వరమ్మతో, "పది నిమిషాలు ఆగమని చెప్పు. రేకు మార్చాలి."

మంచం కింద నుంచి పనిముట్ల డబ్బా లాగాడు. సిగరెట్టు డబ్బా రేకు అడుగున ఉంది. డబ్బీ మరలు విప్పి మందపు రేకు తీసి దుప్పటి మీద పెట్టాడు. పల్చటిది పెడితే అది ఆవురావురుమంటూ పోయి అయస్కాంతానికి అంటుకుంది. మధ్య ఎడం పెంచాలి, అయితే వెంట్రుకవాసికి మించకూడదు. వేరుశనగ పేరా తప్ప వేరే కాగితం ఏదీ దొరకలేదు. తలాపున వేలాడుతున్న జ్వరం చార్టు అట్ట అంచు కత్తిరించి ఉంగరంలా చేసి కింద పెట్టాడు. ఒకటి చాలలేదు. రెండు పెట్టాడు. గోటితో మీటాడు. రేకు దోమలా పలికింది. లోపల కూర్చున్న ఆ శ్రద్ధ గల మనిషికి ఈ పని కూడా చేతనైనట్టే ఉంది.

సరిగ్గా కుదిరిందో లేదో చూద్దామని డబ్బీ చెవికి ఆనించుకున్నాడు.

ముందు ఏమీ లేదు. తరవాత దూరంగా కుర్చీ జరిగిన చప్పుడు. ఆ తరవాత, బియ్యపు గింజంత చిన్నదై, కానీ ప్రతి అక్షరం విడివిడిగా, నాయన గొంతు. ఆ టెలిఫోనుకి మీట లేదు కదా. అవతలి డబ్బీ బల్ల మీద ఉన్నంతసేపూ ఆ గదిలో మాట ఇటు వస్తూనే ఉంటుంది. మెత్తగా మాట్లాడే డాక్టరుగారి మాటలు అవతలి మందపు రేకును కదిలించలేకపోతున్నాయి. నాయన మామూలుగా మాట్లాడినా గుడి చివరి వరసకి వినపడుతుంది. అందుకని ప్రశ్నలు లేకుండా జవాబులే వస్తున్నాయి.

"…వానికా? ఇష్టం లేకుంటే సెప్పడా అయ్యా?"

ఖాళీ.

"ఇరవై రెండేండ్లు. నాకు ఒక్క తూరి కాదన్న బిడ్డ కాదు. నేనేం అడక్కుండా సేస్తానా? అడగతానే ఉండా, సరేనా అని. ఇప్పుడు గూడా అడిగినా ఆడ."

మళ్లీ ఖాళీ. ఈసారి ఎక్కువసేపు.

"అదిగాదయ్యా… వాడు నోరు తెరిస్తే నాకు భయం. ఆ పొద్దు హాస్టల్లో వాడి సొక్కా సూసినా గదా నేను. మాట్లాడితే మళ్లా రగతం వస్తాదేమో అని. అందుకని నేనే మాట్లాడేస్తా. వాడి మాట గూడా నేనే సెప్పేస్తా."

జీవరత్నం డబ్బీ చెవి నుంచి తియ్యలేదు. ఇరవై రెండేళ్లుగా ఆ గొంతు తన మీద మూత పెడుతోందని అనుకున్నాడు. మూత పెడుతూనే ఉంది. అది భయపడ్డ చెయ్యి అని మాత్రం తెలియదు. తెలిసినందువల్ల మూత బరువు తగ్గలేదు. ఇంకా పెరిగింది. కోపం ఉంటే దాన్ని పట్టుకొని లేవవచ్చు, ఇప్పుడు పట్టుకోవడానికి అదీ లేదు. కానీ ఒకటి నిజం. సరేనా, అని నాయన ప్రతిసారీ అడిగాడు. అడిగిన ప్రతిసారీ ఒక శ్వాస పట్టేంత ఖాళీ ఉంది. ఆ ఖాళీలో తన ఎదుట సరే అని నాయన ఏనాడూ అనలేదు. వద్దని తనూ అనలేదు. ఆ ఖాళీయే సరే అయి, గుడి దాకా పోయి, ఆమెన్ అనిపించుకొని, చెప్పులు కుట్టించుకొని వచ్చింది.

ఆఫీసు వరండాలో వరమ్మ తెల్లటి తువ్వాలు ఊపింది. డాక్టరుగారు సిద్ధం.

"కానీ, కానీ," అన్నాడు కృష్ణప్ప. "దోమ కూసినట్టు కూసినా సాలంట ఈ రేక్కి."

జీవరత్నం డబ్బీ ఒళ్లో పెట్టుకొని వేరుశనగ కాగితం అందుకున్నాడు. సాళ్ల మధ్య తొమ్మిది అంగుళాల ఎడం. డాక్టరుగారు నమ్మకమైన మనిషి, విన్నది విన్నట్టు రాస్తారు. పక్కనే నాయన కూర్చొని ఆ కలం వంక చూస్తూ ఉంటాడు. డబ్బీ నోటి దగ్గర ఉన్నంతసేపూ అవతల ఎవరు ఏమన్నా ఇటు వినపడదు. కుర్చీ జరిగినా, నాయన లేచినా, నిట్టూర్చినా, ఏదీ తెలియదు. చెప్పడం అయిపోయాక, డబ్బీ చెవి దగ్గరికి తెచ్చుకునేదాకా, ఆ మాట అక్కడ ఒంటరిగా ఉంటుంది.

పరీక్షకి కాగితం ఉండాలి. చదివిందీ విన్నదీ పోల్చుకోవాలి కదా ప్రొఫెసరు. జీవరత్నం పెన్సిలు తీసి, వేరుశనగ పేరా కింద మిగిలిన ఖాళీలో ఒక వరస రాశాడు. రాసింది మరోసారి చూసుకొని ఒక అక్షరానికి పొల్లు సరిచేశాడు.

"ఏం రాస్తాండావు?" అన్నాడు కృష్ణప్ప. "దాంట్లో ఉండేది సాలదా?"

జీవరత్నం గాలి రెండు ముక్కు రంధ్రాల్లోంచీ మెల్లగా, డాక్టరుగారు నేర్పినట్టు, పూర్తిగా లోపలికి తీసుకున్నాడు. డబ్బీ పెదవుల దగ్గరికి తెచ్చుకొని, గొంతు పెంచకుండా, తను రాసిన వరసను తనకు ఉన్న గొంతుతోనే చదివాడు.

"నాయనా, నేను కుప్పానికి రాను. జూన్‌లో మద్రాసు పోతాను."